మందుల షాపు మెట్లు

హాల్లోకి అడుగు పెట్టగానే అందరూ తమ సీటు వెతుక్కుంటారు. మా ఆవిడ తలుపు వెతుక్కుంటుంది. మేం వచ్చిన తలుపు కాదు, రెండోది, గోడ మీద పచ్చ దీపం వెలిగే మూల ఉండేది. నన్నూ పాప్‌కార్న్ పొట్లాన్నీ సీట్లో కూర్చోబెట్టి, ఎవరి మోకాళ్ళకీ తగలకుండా వరస దాటి వెళ్ళి, ఆ తలుపుని అరచేత్తో నెడుతుంది. తెరుచుకుంటే తల బయటపెట్టి అటూ ఇటూ చూసి వస్తుంది. తెరుచుకోకపోతే ఇక ఆ సాయంత్రం మాకు సినిమా మేనేజరు గదిలోనే.

ఆమె ఫైర్ ఇన్‌స్పెక్టర్. ఊళ్ళో హాళ్ళూ హోటళ్ళూ హాస్టళ్ళూ తిరిగి, నిప్పంటుకుంటే జనం బయటపడే దారి ఉందా లేదా చూడటం ఆమె ఉద్యోగం. వారమంతా చేసే పని శనివారం సాయంత్రం కూడా దేనికని మొదట్లో నవ్వేవాణ్ణి. నేను కట్టుడు పళ్ళు చేస్తాను. డాక్టర్లు పంపిన అచ్చులు ముందేసుకుని, వారమంతా మాట్లాడని నోళ్ళతో కాపురం చేస్తాను. అలాగని కచేరీకి వెళ్ళి పాడేవాళ్ళ నోట్లో వేలు పెట్టి చూడను కదా. ఈ మాటే ఆమెతో అన్నాను.

"వేలు పెట్టరు గానీ, పాట వదిలేసి పళ్ళే చూస్తారు. మొన్న ఆ పెద్దాయన పైవరస ఎవరు చేశారో అని ఇంటికొచ్చేదాకా బాధపడింది ఎవరు?" అంది.

నిజమే. నాసిరకం పని అది. 'స' అన్నప్పుడల్లా ఈల వేస్తోంది.

పెళ్ళయిన దగ్గర్నుంచీ శనివారం సాయంత్రమైతే మేం ఇంట్లో ఉండం. ఒక వారం సినిమా, ఒక వారం కచేరీ. సినిమా ఆమె ఇష్టం, కచేరీ నా ఇష్టం. పాప పుట్టాక కూడా మానలేదు. అత్తయ్య మాతోనే ఉంటుంది కాబట్టి పాపకి బెంగ లేదు. కూతురు తలుపులు నెట్టే సంగతి విని అత్తయ్య, "దానికి సినిమా దేనికి నాయనా, ఏదైనా గోడౌను ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టు, హాయిగా చూసుకుంటుంది" అనేది.

కానీ ఒకసారి ఆ తలుపు తెరుచుకుందా, ఇక ఆమె వేరే మనిషి. చెప్పులు సీటు కిందకి తోసేసి, కాళ్ళు పైకి లాక్కుని కూర్చుంటుంది. ఎంత పిచ్చి సినిమాకైనా ముక్కు ఎగబీలుస్తూ ఏడుస్తుంది. ఇంట్లోనూ ఆఫీసులోనూ కంటతడి పెట్టని మనిషి, తెర మీద ఎవరి తల్లికో జ్వరం వస్తే నా చేతిరుమాలు కూడా తడిపేస్తుంది. ఆమెని అలా చూడటం నాకు సినిమా కంటే బాగుండేది.

మా రూలు పుట్టింది రెండేళ్ళ కిందట, ఒక ఫంక్షన్ హాలు కాలిపోయాక. పొద్దున్నే ఆమెని పిలిచారు. సాయంత్రం వచ్చి తిన్నగా స్నానాల గదిలోకి వెళ్ళింది. నీళ్ళ చప్పుడే తప్ప మనిషి చప్పుడు లేదు. నాకు భయం వేసి తలుపు కొట్టాను. బయటికి వచ్చి, జుట్టు తుడుచుకోకుండానే మంచం మీద కూర్చుని, ఒక్క సంగతి చెప్పింది.

"ఒకాయన వంటింటి వైపు తలుపులోంచి బయటపడ్డాడు. ఒంటి మీద చిన్న మచ్చ కూడా లేదు. చూసినవాళ్ళున్నారు. భార్య కనబడటం లేదని మళ్ళీ లోపలికి వెళ్ళాడు. ఆవిడ అప్పటికే అటువైపు రోడ్డు మీద ఉంది. మా ఆయన్ని చూశారా అని ఆవిడ నన్నే అడిగింది."

ఏం చెప్పావని నేను అడగలేదు.

"మనకా పని వద్దు. ఎక్కడికెళ్ళినా సరే, ఏదైనా అయితే ఎవరికి దగ్గరున్న తలుపులోంచి వాళ్ళు బయటికి. రెండోవాళ్ళ కోసం వెతకడాలు లేవు. బయట ఒక చోటు అనుకుందాం. అక్కడికి వచ్చి నిలబడాలి. పాపకి ఒకరన్నా మిగలాలి" అంది.

"సరే" అన్నాను.

ఇక్కడ నా 'సరే' గురించి చెప్పాలి. దానికి మా ఇంట్లో చిల్లిగవ్వ విలువ లేదు. గొడుగు పట్టుకెళ్ళండి అంటే సరే అంటాను, తడిసి ముద్దయి వస్తాను. బీపీ మాత్ర వేసుకున్నారా అంటే సరే అంటాను. అడిగినదానికి అది జవాబే కాదని నాకు తెలియదు, ఎందుకంటే అడిగింది విననే లేదు. కళ్ళు ఇంకెక్కడో ఉంటాయి, మాట మాత్రం ఆలస్యం లేకుండా వచ్చేస్తుంది. అత్తయ్య దానికి 'గోడ సరే' అని పేరు పెట్టింది. గోడకి చెప్పినా ఒకటే, నాకు చెప్పినా ఒకటే అని. పాపకి మాటలు వచ్చిన కొత్తలోనే ఆ పేరు వచ్చేసింది. "అమ్మా, నాన్న గోడ సరే అన్నాడు" అని చాడీలు చెప్పేది.

రూలు చెప్పినప్పుడు నేనన్నది కూడా గోడ సరే అనే ఆమె అనుకుంది. ప్రతి శనివారం హాలు బయట నా గడ్డం పట్టుకుని తిప్పి చూపించేది. "ఇవాళ ఆ గడియారం స్తంభం." "ఇవాళ పూలకొట్టు." నేను సరే అనేవాణ్ణి. "ఎక్కడ?" అని మళ్ళీ అడిగేది. చెప్పేవాణ్ణి. అయినా నమ్మకం కుదిరేది కాదు. పెదవి విరిచి లోపలికి నడిచేది.

ఆమెకి తెలియనిదేమిటంటే, పదమూడేళ్ళ కాపురంలో నా చెవిన పడ్డ మాట అదొక్కటే. పడి ఊరుకోలేదు, లోపలికి దిగింది. ఆమె తలుపు నెట్టి తన భయాన్ని అక్కడే వదిలేసి వచ్చి హాయిగా ఏడ్చేది. ఆ భయం లేచి వచ్చి నా పక్కన కూర్చునేది. ఎవరైనా వెనక వరసలో అగ్గిపుల్ల గీశారేమో అని గాలి వాసన చూసేవాణ్ణి. హాలంతా పకపకా నవ్వుతుంటే, తెర వెలుగులో ఆ తెరుచుకున్న నోళ్ళు నా బల్ల మీది అచ్చుల్లా కనబడేవి. ఒక వయొలిన్ కచేరీలో వేదిక మీద బల్బు ఒకటి టప్పున పేలింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. లేచి నిలబడిపోయాను. వయొలిన్ ఆయన వాయిస్తూనే ఉన్నాడు. వరసంతా నన్నే చూస్తోంది. ఆమె చొక్కా పట్టుకు లాగి కూర్చోబెట్టింది.

ఆ రోజు ఇంటికి వస్తూ, ఇక మానేద్దామన్నాను.

"ఎందుకు?"

"భయమేస్తోంది."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "నాకు లేదనుకున్నారా? తలుపు నెట్టేది ధైర్యం ఉండి కాదండీ. ఇది మానేశామంటే రేపు బస్సెక్కలేను. ఎల్లుండి పాపని బడికి పంపలేను. నెట్టి చూశాను, తెరుచుకుంది, ఇక కూర్చోవచ్చు. నాకు అంతకంటే ఏం తెలియదు" అంది. ఇక ఆ మాట ఎత్తలేదు నేను.

అలా వెళ్తూనే ఉన్నాం, ఆ శనివారం దాకా.

ఆ రోజు పాపకి పై పన్ను ఊగుతోంది. పొద్దున్నుంచీ నాలుకతో దాన్ని ముందుకీ వెనక్కీ తోస్తూ ఇల్లంతా తిరుగుతోంది. అత్తయ్య దారం కడతానంటే కెవ్వున అరిచింది. నాన్నే తియ్యాలట. పళ్ళవాడి కూతురు కదా, పట్టింపు ఎక్కువ. "సినిమా నుంచి రాగానే తీస్తాను" అన్నాను.

"గోడ సరే కాదుగా?"

"కాదు. ఒట్టు."

నెత్తి మీద చెయ్యి వేయించుకుని గానీ వదల్లేదు.

పాత హాలే, కొత్తగా ముస్తాబు చేశారు. ఎర్ర తెరలు, మెత్తటి గోడలు, పైన నక్షత్రాల దీపాలు పెట్టిన సీలింగు. సెలవురోజులేమో, జనం కిటకిటలాడుతున్నారు. లోపలికి వెళ్ళేముందు ఆమె అలవాటు ప్రకారం నా గడ్డం పట్టుకుంది. "అదిగో, ఎదురుగా మందుల షాపు. దాని మెట్లు."

"సరే."

"ఏం సరే?"

"మందుల షాపు మెట్లు."

లోపల పచ్చ దీపం కింద తలుపు నెట్టింది. కదల్లేదు. భుజంతో నెట్టింది. వేలెడంత తెరుచుకుని ఆగిపోయింది. అవతల వెనక సందులో, తలుపుకి ఆనించి కూల్‌డ్రింకు డబ్బాలు మనిషెత్తు పేర్చి ఉన్నాయి. మేనేజరు వచ్చాడు. "మేడమ్, ఇవాళ మీకు సెలవు కదా" అన్నాడు ముఖం మాడ్చుకుని. "నాకు సెలవే. ఈ తలుపుకి లేదు" అంది. ఆ డబ్బాలన్నీ తీయించి, తలుపు బార్లా తెరిచి, మళ్ళీ వేసి, మళ్ళీ తెరిచి అప్పుడు వచ్చి కూర్చుంది. అప్పటికి సినిమాలో మొదటి పాట అయిపోయింది. ఆమె పక్కసీటులో తెల్లజుట్టు పెద్దావిడ, "ఏమమ్మా, గాలాడటం లేదా?" అని జాలిగా అడిగింది.

ఇంటర్వెల్ అయింది. రెండో సగంలో తెర మీద తల్లి మంచాన పడింది. మా ఆవిడ రుమాలు తీసింది. నాకు కాఫీ మీదకి మనసుపోయింది. లేచాను.

"ఇప్పుడెక్కడికి?"

"కాఫీ. నీకూ తెస్తాను."

"అయ్యాక తాగొచ్చు, కూర్చోండి."

"సరే" అని వెళ్ళిపోయాను.

బయట వరండాలో కాఫీ మిషను దగ్గర ఒకావిడ తప్ప ఎవరూ లేరు. రెండు కప్పులు పోసి నా చేతుల్లో పెట్టింది. దీపాలు ఒకసారి మసకబారి మళ్ళీ వెలిగాయి. ఇంకోసారి మసకబారాయి. కాలిన వైరు వాసన వచ్చింది. నా భయం మామూలుగా తెచ్చిపెట్టే వాసనే అనుకుని ముందు నమ్మలేదు. కాఫీ ఆవిడ కూడా ముక్కు చిట్లించి పైకి చూసింది. బాల్కనీ మెట్ల మీద సీలింగు సందుల్లోంచి బూడిదరంగు పొగ కిందకి వేలాడుతోంది. ఆవిడ మిషను కట్టకుండానే పరుగెత్తింది. కాఫీ నేల మీదకి కారుతూనే ఉంది.

అప్పుడు లోపల ఎవరో నిప్పని అరిచారు. కరెంటు పోయింది. హాలు తలుపులు నా వైపు విరుచుకుపడ్డట్టు తెరుచుకున్నాయి.

నా కాళ్ళు హాలు వైపే వెళ్ళాయి. నేను వెళ్ళమనలేదు. వచ్చేవాళ్ళకి అడ్డంపడి, భుజాలు తోసుకుంటూ, ఒక స్తంభం దాకా వెళ్ళాను. అక్కడ నాకు గుర్తొచ్చింది మా ఆవిడ కాదు. ఆ ఫంక్షన్ హాలు మనిషి. ఒంటి మీద చిన్న మచ్చ కూడా లేని మనిషి. ఆమె పచ్చ దీపానికి దగ్గర్లో ఉంది. తలుపు తనే తెరిపించింది. ఆమె బయటపడుతుంది. నేను లోపలికి వెళితే, రేపు ఇంకెవరినో మా ఆయన్ని చూశారా అని అడగాల్సిన గతి ఆమెకి పడుతుంది. పాప నెత్తి మీద వేసిన చెయ్యి ఇదే.

వెనక్కి తిరిగాను. ఆమెని నిప్పుల్లో వదిలేసి పారిపోతున్నట్టే ఉంది. అయినా తిరిగాను.

రోడ్డు దాటి మందుల షాపు పై మెట్టెక్కి నిలబడ్డాను. లోపలున్నతనికి ఇంకా ఏం తెలియదు. "ఏం కావాలి సార్, చీటీ ఉందా?" అని అడిగాడు. హాలు వైపు గడ్డంతో చూపించాను.

ముందు తలుపులోంచి జనం వచ్చారు, వచ్చారు, తర్వాత పొగే వచ్చింది. వెనక సందు మలుపులోంచి గుంపులు గుంపులుగా వస్తున్నారు. ఆమె తెరిపించిన తలుపులోంచే అన్నమాట. కొంచెం ఊపిరి ఆడింది. ఇప్పుడొస్తుంది, చెప్పుల్లేకుండా వస్తుంది, వచ్చి నేనిక్కడ ఉండటం చూసి నోరెళ్ళబెడుతుంది అనుకున్నాను. ఆమె ఎత్తున్న ప్రతి మనిషినీ చూసి గుండె లేచేది, ముఖం చూడగానే జారేది. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు వచ్చారు. చెప్పులు చేత పట్టుకున్నవాళ్ళు వచ్చారు. ముసలివాళ్ళు వచ్చారు. గుంపులు పలచబడ్డాయి. ఒక్కొక్కరే వస్తున్నారు. తర్వాత సందు మలుపు ఖాళీగా ఉండిపోయింది.

ఫైరింజన్లు వచ్చాయి. రోడ్డంతా నీళ్ళూ గొట్టాలూ అరుపులూ. వెళ్ళి వెతకాలి. వెళితే, ఈలోగా ఆమె వస్తే? మెట్లు ఖాళీగా కనబడితే ఆమె ఏం చేస్తుందో నాకు తెలుసు. కదిలితే ఒక భయం, కదలకపోతే ఒక భయం. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

పక్కసీటు పెద్దావిడని కూతురు నడిపించుకుని వస్తోంది. పిచ్చివాడిలా కేకేశాను. ఆవిడ దగ్గి, దగ్గి, నన్ను గుర్తుపట్టి, ఆశ్చర్యపోయింది.

"మీరు బయటే ఉన్నారా నాయనా? అయ్యో. మీ ఆవిడే మమ్మల్నందరినీ ఆ తలుపు దాకా తోలుకొచ్చింది. తనూ సందులోకి వచ్చేసింది."

"మరి ఏది?"

"మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఎందుకమ్మా అని చెయ్యి పట్టుకున్నాను. మా ఆయన కాఫీకి వెళ్ళాడు, నా మాట వినే మనిషి కాదు, నా కోసం లోపలికి వచ్చేసుంటాడు అంది. రుమాలు నీళ్ళలో తడుపుకుని వెళ్ళిపోయింది."

సందులోంచి ఈ మెట్లు కనబడవు. మలుపు తిరిగి వచ్చి చూడటానికి ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషం నాకు ఉండదనుకుంది. నేనిక్కడ ఉంటానని ఆమెకి తట్టనే లేదు. పదమూడేళ్ళ గోడ సరేలు విన్న మనిషికి ఎలా తడుతుంది?

ఫైరింజను దగ్గరున్నవాళ్ళలో ఒకణ్ణి గుర్తుపట్టాను. ఆమె దగ్గర పని చేసిన కుర్రాళ్ళందరూ ఆమెని అక్కా అంటారు, ఆ వరసన నన్ను బావగారూ అని ఆటపట్టిస్తారు. మెట్ల మీంచే అరిచాను. అతను పరుగెత్తుకొచ్చాడు.

"అక్క లోపలుంది. నన్ను వెతుకుతోంది" అన్నాను.

"ఎటు వెళ్ళుంటుంది?"

"కాఫీ మిషను. తర్వాత మగవాళ్ళ బాత్రూం. అక్కడ లేకపోతే మళ్ళీ మా సీట్ల దగ్గరికి." నేను ఎక్కడుంటానో ఆమెకి తెలుసు కాబట్టి, ఆమె ఎక్కడుంటుందో నాకు తెలుసు. "నేనూ వస్తాను" అని మెట్టు దిగబోయాను.

అతను నా ఛాతీ మీద చెయ్యి పెట్టి పైకి నెట్టాడు. "మీరు కదిలితే మీ కోసం ఇంకొకణ్ణి పంపాలి. ఇక్కడే ఉండండి బావగారూ." ఆ గొంతులో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు. అది చూసి ఇంకా భయం వేసింది.

వాళ్ళు ముసుగులు బిగించుకుని లోపలికి వెళ్ళారు. ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో చెప్పలేను. పాపకి ఏం చెప్పాలా అని ఆలోచించాను. అమ్మ చెప్పినట్టే చేశాను, అందుకే అమ్మ రాలేదు అనాలా? జీవితంలో ఒక్కసారి ఆమె మాట విన్నందుకు ఆమెని పోగొట్టుకున్నానని ఎవరికి చెప్పుకోవాలి? అత్తయ్య ముఖం ఎలా చూడాలి? మందుల షాపు అతను స్టూలు తెచ్చి వేశాడు. కూర్చోలేదు. కూర్చుంటే కనబడనేమోనని.

ముందు తలుపు పొగలోంచి ముగ్గురు వచ్చారు. ఇద్దరు పెద్ద ఆకారాలు, మధ్యలో చిన్నది. చిన్నది వాళ్ళతో రావడం లేదు, వెనక్కి గుంజుకుంటోంది. ముఖానికి ఎవరిదో ముసుగు. పాదాలకి చెప్పుల్లేవు. కుర్రాడు ఆమె భుజం పట్టి తిప్పి, మెట్ల వైపు వేలు చూపించాడు.

ఆమె చూసింది. గుంజుకోవడం ఆగిపోయింది. ముసుగు లాగేసి రోడ్డు దాటి వచ్చింది. ముఖమంతా మసి, కళ్ళ కింద రెండు చారలు. కింద మెట్టు దగ్గర ఆగి నా చొక్కా వంక చూసింది. చిన్న మసి మచ్చ కూడా లేదు. నా చేతుల వంక చూసింది. అప్పుడు నేనూ చూసుకున్నాను. రెండు చేతుల్లో రెండు కాఫీ కప్పులు అలాగే ఉన్నాయి.

"ఎప్పుడొచ్చారు?" గొంతు లేదు, గాలి మాత్రమే వచ్చింది.

"మొదట్లోనే. నువ్వు చెప్పావుగా."

ఆమె పైకి వచ్చి రెండు పిడికిళ్ళతో నా గుండెల మీద కొట్టింది. కప్పుల్లో మిగిలిన కాఫీ ఇద్దరి మీదా ఒలికింది. "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నా మాట విన్నావా నువ్వు? ఇవాళే వినాలా? ఇవాళే వినాలా నువ్వు?" పెళ్ళయ్యాక మొదటిసారి నన్ను నువ్వు అంది. అని, ఆ మెట్ల మీదే కూలబడి, సినిమాలో ఏడ్చినట్టు కాకుండా, చప్పుడు లేకుండా ఏడ్చింది. నేను కప్పులు కింద పెట్టి పక్కన కూర్చున్నాను. నేనూ ఏడుస్తున్నాను.

ఆ రోజు ఎవరి ప్రాణమూ పోలేదు. ఆ వెనక తలుపే కాపాడిందని అందరూ అన్నారు. ఆస్పత్రిలో ఆమె గుండె, ఊపిరితిత్తులు చూసి, వారం రోజులు మాట్లాడొద్దని చెప్పి పంపేశారు. "అదృష్టవంతురాలివమ్మా" అన్నాడు డాక్టరు. ఆమె నా వంక చూసి తల తిప్పేసుకుంది.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉంది. కూతురి జుట్టు వాసన చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుంది. ఆవిడ నోట జోకు రాని రోజు అదొక్కటే. పాప మాత్రం నోరు తెరుచుకుని నా ముందు నిలబడింది. ఒట్టు వేశాను కదా. చేతులు కడుక్కుని పన్ను పట్టుకోబోతే వేళ్ళు నిలవడం లేదు. ఎన్నో వేల పళ్ళు పట్టుకున్న వేళ్ళు. మా ఆవిడ వెనక నుంచి వచ్చి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. అప్పుడు తీశాను.

పాప పన్నుని అరచేతిలో పెట్టుకుని, దాన్ని చూడకుండా మమ్మల్ని చూసింది. "అమ్మా, నువ్వు నిప్పులో ఉన్నావా?"

ఆమె తలూపింది.

"నాన్న?"

"బయట ఉన్నాను" అన్నాను.

"మరి అమ్మ ఎందుకు లోపలుంది?"

"నాన్న కోసం వెళ్ళింది."

పాప కొత్తగా వచ్చిన సందులో నాలుక పెట్టి, ఒకసారి ఆమెనీ ఒకసారి నన్నూ చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత కొన్ని శనివారాలు ఇంట్లోనే కూర్చున్నాం. కొత్త రూలు పెట్టుకోవాలని ఆమె కాగితాలు లేకుండానే ఎన్నో లెక్కలు వేసింది. "ఈసారి నేను బయటికే వస్తాను, మీరూ బయటికే రండి" అంటుంది. "నువ్వు రాకపోతే?" అంటాను. "మీరు రాకపోతే?" అంటుంది. నేను బయట ఉంటానని ఆమె నమ్మాలి. ఆమె నమ్ముతుందని నేను నమ్మాలి. అక్కడికి వచ్చి మాట ఆగిపోయేది. ఇద్దరం చెరో గదిలోకి వెళ్ళిపోయేవాళ్ళం. ఒకరు వెళ్తే ఒకరు ఇంట్లో ఉందామని కూడా అనుకున్నాం. ఆమె ఒక్కతే సినిమాకి వెళ్ళింది. ఆ సాయంత్రం నేను వంటింట్లో స్టవ్వు ముందు నిలబడి ఎన్నిసార్లు గ్యాసు కట్టానో అత్తయ్యకి తెలుసు. ఇక ఆ ముచ్చటా మానేశాం.

చివరికి పాపే తేల్చింది. "వెళ్తే ముగ్గురం వెళ్దాం. లేకపోతే ఎవ్వరూ వెళ్ళొద్దు" అని గుమ్మానికి అడ్డం నిలబడింది. మమ్మల్నిద్దర్నీ కలిపి బయటికి పంపడం దానికి ఇష్టం లేదు. చెప్పలేదు గానీ రాత్రిళ్ళు లేచి మా గదిలోకి వచ్చి చూసిపోతోందని మాకు తెలుసు.

పిల్లల సినిమా ఒకటి వచ్చింది. కొత్త హాలు. ఈసారి ఆమె ఒక తలుపు నెట్టింది, రెండో తలుపు నేను నెట్టాను. రెండూ తెరుచుకున్నాయి. నేను ఇంటర్వెల్‌లో బాత్రూంకి వెళితే ఆమె పాప చెయ్యి పట్టుకుని తలుపు బయటే నిలబడింది. లోపలికి వెళ్ళే మగవాళ్ళు ఆమెని వింతగా చూశారు. నేను కాఫీ తాగలేదు.

మళ్ళీ సీట్లలో కూర్చున్నాం, పాప మధ్యలో. ఇంకా దీపాలు ఆర్పలేదు. ఆమె పాప తల మీదుగా వంగి, "నిజం చెప్పండి. ఇంకోసారి అయితే ఏం చేస్తారు?" అంది మెల్లగా.

"బయటికి వెళ్ళి నిలబడతాను. నువ్వు?"

"నేనూ అంతే."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నేను చెప్పింది అబద్ధమని ఆమెకి తెలిసింది. ఆమె చెప్పింది అబద్ధమని నాకు తెలిసింది. ఒడ్డున పడ్డట్టే ఉండి మళ్ళీ మొదటికి వచ్చాం.

మధ్యలోంచి పాప తలెత్తింది. "మరి నేను?"

"ఏంటి నువ్వు?"

"ఏదైనా అయితే నేనేం చెయ్యాలి?"

అన్ని హాళ్ళ తలుపులూ తెరిపించిన మనిషి ముందు పచ్చ దీపం వైపు చూసింది. పాప గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది, నాది తిప్పినట్టే. "ఆ పచ్చ దీపం కనబడుతోందా? దాని కింద తలుపు. అందులోంచి బయటికి వెళ్ళిపోవాలి. మా కోసం చూడకూడదు. నాన్న కోసం గానీ నా కోసం గానీ వెనక్కి రాకూడదు. ఎదురుగా బేకరీ ఉంది కదా, అక్కడ నిలబడాలి. విన్నావా?"

దీపాలు ఆరిపోయాయి. తెర మీద వెలుగు పడింది. పాప కళ్ళు అప్పటికే తెర మీద ఉన్నాయి.

"సరే" అంది వెంటనే.

ఆ సరే ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు. చీకట్లో పాప వెనక నుంచి ఆమె చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది ఆ చెయ్యి. సినిమా మొదలైంది, హాలంతా నవ్వుతోంది, పాప కూడా నవ్వుతోంది. మేమిద్దరం పచ్చ దీపం వంకే చూస్తూ కూర్చున్నాం.